చంద్రతాల్‌కు ఏ వైపు నుంచి?

మనాలి నుంచి చంద్రతాల్ సరస్సు సుమారు 130 కిలోమీటర్లు. కాస్త అలవాటున్న సైకిలిస్టు ఈ అంకె చూడగానే మూడు రోజుల పని అనుకుంటాడు. ఆ దారిలో రోహ్తాంగ్ దాకా తారు ఉంది, గ్రాంఫూ దగ్గర స్పితి వైపు మళ్ళాక రాళ్ళు, కంకర, ఇసుక, రోడ్డు మీదుగానే పారే వాగులు ఉన్నాయి. సరస్సు దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. రెండో దారి సిమ్లా, కిన్నౌర్, కాజా చుట్టూ తిరిగి కుంజుం కనుమ మీదుగా దిగుతుంది. దూరం చాలా ఎక్కువ, రోజులూ ఎక్కువే. ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నే ఇక్కడి వాదన. మొహమాటం లేకుండా వాదులాడుకోవడానికి మన ఇళ్ళల్లో బావా బామ్మర్దుల చుట్టరికాన్ని మించింది లేదు కనుక మాటలు వాళ్ళకే అప్పగించాను. బావకు తొమ్మిది రోజుల సెలవు దొరుకుతుంది, అదీ రెండు శనాదివారాలు కలుపుకుని. బామ్మర్దికి మ్యాపుల పిచ్చి. నా మొగ్గు బామ్మర్ది వైపే, దాచను. అయితే బావ మాటల్లో పస ఉన్నచోట దాన్ని తేలిక చెయ్యలేదు.

బావ: ఇందులో ఆలోచించడానికేముంది? తెలిసిన ఊరు మనాలి, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతాం. మొదటిరోజు రోహ్తాంగ్ ఎక్కి ఛత్రులో దిగడం, రెండో రోజు బాతల్ మీదుగా సరస్సు, మూడో రోజు కుంజుం దాటి లోసర్, నాలుగో రోజు కాజా. అక్కణ్ణించి బస్సు. సెలవులో ఇంకా రెండు రోజులు మిగులుతాయి. బీఆర్‌ఎం అనే గడువు పెట్టిన దూర సైకిల్ ప్రయాణంలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు. అది పూర్తిచేసేవాడికి రోజుకు డెబ్భై కిలోమీటర్లు లెక్కా? నువ్వు చెప్పే దారిలో సగం రోజులు కిన్నౌర్ ఆపిల్ తోటలు చూడ్డానికే సరిపోతాయి. మనం వెళ్ళేది కష్టమైన సైకిల్ ప్రయాణానికా, తీర్థయాత్రకా?

బామ్మర్ది: బావా, మీ ప్రణాళికంతా కిలోమీటర్ల మీద నిలబడింది. అక్కడ కొలవాల్సింది రెండే, రాత్రి ఏ ఎత్తున పడుకుంటాం, పగలు ఏ గంటకు ఎక్కడ ఉంటాం. ముందు మీ మొదటిరోజే చూద్దాం. మనాలి సుమారు 2,050 మీటర్లు, రోహ్తాంగ్ 3,978. మనిషి, సైకిలు, సామాను కలిపి తొంభై అయిదు కిలోలు అనుకోండి. అంత బరువును 1,900 మీటర్ల పైకి లేపడానికి 120 వాట్ల చొప్పున ఆపకుండా తొక్కితే, గాలికీ రోడ్డుకీ పోయేది కలపకుండానే నాలుగు గంటలు దాటుతుంది. బీఆర్‌ఎం లెక్కలో గంటకు పదిహేను కిలోమీటర్లు మామూలు. ఇక్కడ గంటకు ఆరేడు వస్తే సంతోషించాలి. అదీ మనాలి నుంచి యాభై కిలోమీటర్ల మంచి తారు మీద. ఆ తర్వాత గ్రాంఫూ నుంచి బాతల్ దాకా మరో యాభై కిలోమీటర్లు ఉంది. సరిహద్దు రహదారుల సంస్థ పనులతో ఏటేటా కొంత మారుతున్నా, అక్కడ దిగేటప్పుడు కూడా బ్రేకు మీద వేళ్ళు తియ్యలేం. బీఆర్‌ఎం కిలోమీటరూ బాతల్ కిలోమీటరూ ఒకటి కావు.

బావ: సరే, నెమ్మదిగానే పోదాం. తెల్లవారుజామున బయల్దేరి చీకటి పడేదాకా తొక్కుదాం. కాళ్ళలో బలం ఉంటే గంటలు ఎక్కువైనా ఫరవాలేదు.

బామ్మర్ది: బలం కాదు, ఊపిరి. అమెరికాలో పైక్స్ పీక్ శిఖరం ఎత్తు కూడా చంద్రతాల్ లాగే సుమారు 4,300 మీటర్లు. అక్కడ అమెరికా సైన్యం పరిశోధన కేంద్రం పెట్టి దశాబ్దాలుగా ఈ సంగతే చూస్తోంది. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు అరవై శాతం. శరీరం వాడుకోగల గరిష్ట ప్రాణవాయువులో దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. ఇంతవరకూ మీరు ఒప్పుకుంటారు, వేగం తగ్గిస్తే సరిపోతుందనీ అంటారు. అసలు చిక్కు నిద్రలో ఉంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్ల కంటే పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కకుండా ఆగమనీ పర్వత వైద్యులు చెబుతారు. మీ లెక్కలో మొదటి రాత్రి ఛత్రు, అంటే 3,300 మీటర్లు. రెండో రాత్రి సరస్సు దగ్గరి గుడారాలు, దాదాపు 4,250. ఒక్క రాత్రికి తొమ్మిది వందల పైచిలుకు! ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు సాధారణంగా పైకెక్కిన రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపు బయటపడుతుంది. మీ ప్రణాళికలో ఆ రాత్రులు ఎక్కడ పడుతున్నాయో చూడండి, ఒకటి సరస్సు దగ్గర, ఇంకొకటి లోసర్‌లో. రెండూ నాలుగు వేల మీటర్ల పైనే.

బావ: అది కొందరికే వస్తుంది. రోజూ సైకిల్ తొక్కేవాడికి గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉంటాయి. పోనీ డయామాక్స్ వేసుకుందాం, పర్వతాలెక్కేవాళ్ళంతా వేసుకునేదేగా.

బామ్మర్ది: స్థానికులు ఆ సరస్సు గురించి ఒక కథ చెబుతారు, ధర్మరాజును స్వర్గానికి తీసుకుపోవడానికి ఇంద్రుడి రథం అక్కడే దిగిందని. ఆ ప్రయాణంలో ఎవరెవరు దారిలో పడిపోయారో మీకు తెలియంది కాదు. భీముడంతటి కండలవాడు కూడా నిలవలేదు. పురాణం అందుకు చెప్పే కారణం వేరనుకోండి, లక్షణం మాత్రం అచ్చం ఇదే. దేహదారుఢ్యానికీ ఎత్తు జబ్బుకూ సంబంధం లేదు. పైగా గట్టివాడు వేగంగా ఎక్కుతాడు, తలనొప్పి వస్తే ఎండదెబ్బ అనుకుంటాడు. ఇక డయామాక్స్, అంటే ఎసిటజోలమైడ్, 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ముందునుంచీ వేసుకుంటే మేలు చేస్తుందన్నది నిజమే. శరీరం అలవాటుపడే పనిని అది తొందరపెడుతుంది. ఆ పనికి కావలసిన రాత్రుల్ని మాత్రం మీ సెలవు ఖాతాలో జమ చెయ్యదు. సల్ఫా మందులు పడనివాళ్ళకు అది పడకపోవచ్చు కూడా. డాక్టర్ని అడగకుండా సంచిలో వేసుకోవాల్సిన బిళ్ళ కాదు.

ఇక్కడ నేనొక మాట కలపాలి. తెలుగు ప్రాంతాల సైకిలిస్టులకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కాళ్ళకు కావలసిన సాధన మన దగ్గరే దొరుకుతుంది. అనంతగిరి మలుపులు, అరకు ఘాట్, లంబసింగి ఎక్కుడు, ఎంత కావాలంటే అంత. ఎత్తుకు సాధన మాత్రం దొరకదు. తూర్పు కనుమల్లో మనకున్న మహా ఎత్తయిన చోటు కూడా 1,700 మీటర్లకు మించదు, అంటే మనాలి ఊరి కంటే కింద. వారాల తరబడి ఘాట్లు ఎక్కినవాడు కూడా ఎత్తు విషయంలో అక్కడికి కొత్తవాడిగానే వెళ్తాడు. ఆ అలవాటు అక్కడే, ఆ ప్రయాణంలోనే సంపాదించాలి. దానికి రాత్రులు తప్ప వేరే ధర లేదు.

బావ: నీ కిన్నౌర్ దారిలో మాత్రం ఎత్తు లేదా? రికాంగ్ పియో సుమారు 2,300 మీటర్లు, నాకో 3,660. అక్కడ పడుకుంటే నువ్వు చెప్పిన నియమం నువ్వే తప్పినట్టు. పైగా కొండచరియలు! 2021 ఆగస్టు 11న నిగుల్‌సరి దగ్గర కొండ విరిగి బస్సు మీద పడితే 28 మంది పోయారు. నువ్వేమో నన్ను అదే రోడ్డు మీద తిప్పుతానంటున్నావు.

బామ్మర్ది: రెండూ గట్టి మాటలే. నాకోలో పడుకోవద్దు. రోడ్డు నాకో ఎక్కి మళ్ళీ దిగుతుంది. దాన్ని పగలే దాటేసి తాబోలో, 3,280 మీటర్ల దగ్గర పడుకుంటే పగలు ఎత్తెక్కి రాత్రికి కిందికి దిగినట్టవుతుంది, అంతకంటే కావలసిందేముంది? మర్నాడు కాజా, సుమారు 3,700. అక్కడ రెండు రాత్రులు. తర్వాత లోసర్ 4,080, ఆ తర్వాత సరస్సు 4,250. మూడు వేల మీటర్లు దాటాక ఎక్కడా ఒక్క రాత్రికి 500 దాటలేదు. కొండచరియల మాట కాదనను. అయితే అది నెలకు సంబంధించిన ప్రమాదం. రుతుపవనాలు ఉధృతంగా ఉండే జులై, ఆగస్టుల్లో కింది కిన్నౌర్ ఎంత ప్రమాదమో మనాలి వైపు లోయ కూడా అంతే. సెప్టెంబరు మధ్యకు వానలు తగ్గుముఖం పడతాయి, రాత్రి చలి పెరిగి వాగుల్లో నీరూ తగ్గుతుంది. వెళ్ళాల్సింది అప్పుడు.

బావ: సెప్టెంబరంటే మంచు. 2018 సెప్టెంబరు చివర్లో అనుకోకుండా మంచు పడి లాహుల్-స్పితిలో వందల మంది చిక్కుకుపోయారు. పోనీ జులై మంచిదా అంటే, 2023 జులైలో చంద్రతాల్ దగ్గరే సుమారు 300 మంది మంచులో ఇరుక్కుంటే ఎన్నో తిప్పలు పడి బయటికి తెచ్చారు. అన్ని నెలలూ ప్రమాదమే అయినప్పుడు, తక్కువ రోజులు ఉండేవాడే తెలివైనవాడు. ఎక్కువ రోజులుంటే చెడ్డ వాతావరణం ఎదురయ్యే అవకాశమూ ఎక్కువే కదా. దీనికి జవాబు చెప్పు.

బావ మాటల్లో అన్నిటికంటే పదునైనది ఇదే. పర్వతారోహకుల్లో కూడా ఈ ఆలోచన ఉంది, ప్రమాదం ఉన్నచోట తక్కువసేపు ఉండు అని. రాళ్ళు పడే వాలు కిందా, మంచుచరియల దారిలోనూ అది అక్షరాలా నిజం. కానీ ప్రమాదమంటే ఒక్క వాతావరణమే అయితే ఆ లెక్క చెల్లుతుంది. ఇక్కడ ప్రమాదాలు రెండు, అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అలవాటుపడని శరీరంతో బాతల్‌లో మంచుకు చిక్కినవాడికీ, వారం నుంచి మూడు వేల మీటర్ల పైన తిరుగుతూ అదే మంచుకు చిక్కినవాడికీ తేడా ఉంది. రెండోవాడు చలికి వణుకుతూ ఎదురుచూస్తాడు. మొదటివాడు వాంతులు చేసుకుంటూ ఎదురుచూస్తాడు, అతనికి దిగే దారే మూసుకుపోయి ఉంటుంది. గ్రాంఫూకూ లోసర్‌కూ మధ్య ఊరంటూ లేదు. వేసవిలో నడిచే ధాబాలు, గుడారాలు తప్ప. ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం. తక్కువ రోజులుండడం వల్ల వచ్చే లాభాన్ని, ఆ రోజుల్లో నిస్సహాయంగా ఉండడం తినేస్తుంది.

బామ్మర్ది: భూగోళం కూడా చూడండి బావా. సరస్సు దగ్గర ఒంట్లో బాగాలేకపోతే కాజా వైపు దారి ముందు కుంజుం మీదికి, అంటే 4,551 మీటర్లకు ఎక్కించాకే దింపుతుంది. దిగాలంటే బాతల్, ఛత్రు వైపే దిగాలి. మీ ప్రణాళికలో సరస్సు తర్వాత ఇంకా ఎక్కుడే ఉంది, నా ప్రణాళికలో సరస్సు తర్వాత ఛత్రు దాకా దిగుడే. కుంజుం ఎక్కడమైనా అంతే. బాతల్ నుంచి పన్నెండు కిలోమీటర్ల లోపే 600 మీటర్లు ఎక్కాలి, అదీ వదులు రాళ్ళలో. లోసర్ నుంచి పందొమ్మిది కిలోమీటర్లలో 470. చివర్లో గ్రాంఫూ నుంచి రోహ్తాంగ్ ఎక్కాల్సివచ్చినా, అప్పటికి వారం రోజులు ఎత్తులో పడుకున్న శరీరం ఉంటుంది. ఆ ఎక్కుడు కాళ్ళకే కష్టం, తలకు కాదు. ఇక వాగులు. అవి మంచు కరిగిన నీళ్ళు. మధ్యాహ్నం ఎండ కరిగించింది సాయంత్రానికి వాగులోకి చేరుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. ఛత్రు, బాతల్ మధ్య వాగుల్ని పన్నెండు గంటల లోపు దాటెయ్యాలి. సరస్సు నుంచి ఆరింటికి బయల్దేరితే దిగుతూ, గంటకు ఎనిమిది కిలోమీటర్ల చొప్పున పోయినా, మధ్యాహ్నానికి ఛత్రు చేరతాం. ఎదురు వైపు నుంచి వచ్చేవాడు కూడా ఆరింటికే బయల్దేరవచ్చు, కాదనను. ఎక్కుతూ వచ్చేవాడికి ఒక్క పంచరు చాలు, లెక్కంతా సాయంత్రపు నీళ్ళలోకి జరిగిపోతుంది.

బావ: నీ చుట్టుదారికి పన్నెండు, పదిహేను రోజులు కావాలి. నాకున్నవి తొమ్మిది. రోజులు లేనివాడు వెళ్ళకూడదా?

బామ్మర్ది: వెళ్ళాలి. తగ్గించాల్సింది కిలోమీటర్లు, రాత్రులు కాదు. శనివారం చండీగఢ్ నుంచి బస్సులో రికాంగ్ పియో. ఆదివారం పియో నుంచి కాజా వెళ్ళే ప్రభుత్వ బస్సు మీద సైకిళ్ళు కట్టించి తాబోలో దిగడం. సోమవారం తాబో నుంచి కాజా, 47 కిలోమీటర్లు, అక్కడ తొక్కడం మొదలు. మంగళవారం కాజాలోనే ఉండి పగలు కీ గోంపా దాకా ఎక్కి దిగడం. బుధవారం లోసర్, గురువారం కుంజుం మీదుగా సరస్సు, శుక్రవారం ఛత్రు, శనివారం మనాలి, ఆదివారం ఇల్లు.

బావ: సగం దూరం బస్సులో పోయి సైకిల్ యాత్ర చేశామని చెప్పుకోవడం నాకు నామోషీ. ఈ మాత్రానికి సైకిలెందుకు?

బామ్మర్ది: తాబో నుంచి మనాలి దాకా సుమారు 275 కిలోమీటర్లు తొక్కుతున్నాం. అందులో లోసర్ తర్వాత గ్రాంఫూ దాకా దాదాపు వంద కిలోమీటర్ల రాళ్ళు, కంకర. మనం అడిగిన కష్టమంతా అక్కడే ఉంది. మనాలి నుంచి ఎక్కేవాడు ఆ వందను అలిసిపోయి, తలనొప్పితో తొక్కుతాడు. సైకిల్ మీద ఉన్నాడన్న మాటే గానీ ఎక్కువసేపు తోసుకుంటూ నడుస్తాడు. కష్టం ఎక్కడ కావాలో మనం ఎంచుకుంటున్నాం, అంతే.

నామోషీ అన్న మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. సొంత కాళ్ళ మీద మొదటినుంచి చివరిదాకా పోవాలన్న పట్టుదల లేకపోతే ఇలాంటి ప్రయాణాలకు అర్థమే ఉండదని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళకు నా జవాబు, పదిహేను రోజులు తెచ్చుకుని సిమ్లా నుంచి తొక్కండి, అంతకంటే మంచిది లేదు. తొమ్మిది రోజులే ఉన్నవాడు మాత్రం పట్టుదలను రోడ్డు నిడివి మీద చూపిస్తే రాత్రుల్లో కోతపడుతుంది. ఈ లెక్కలో బస్సు ఎక్కడం ఓటమి కిందికి రాదు.

సైకిలు సంగతి ఇద్దరి మధ్యా త్వరగా తేలినట్టే తేలి, టైర్ల దగ్గర ఆగింది. గేర్ల మీద గొడవ లేదు. ముందు 34 పళ్ళు, వెనక 50 పళ్ళు ఉంటే నిమిషానికి అరవై చుట్లు తొక్కినా గంటకు అయిదు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నిలబడవచ్చు. వెనక 28 పళ్ళే ఉన్న రోడ్డు సైకిల్‌తో అదే వేగానికి చుట్లు ముప్ఫై నాలుగుకు పడిపోతాయి, మోకాళ్ళు అరుస్తాయి. బావ 35 మిల్లీమీటర్ల టైరు చాలంటాడు, తారు ఎక్కువుందిగా అని. బామ్మర్ది 50కి తగ్గనంటాడు. గరుకు నేల మీద గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు ప్రతి రాయికీ మనిషినే లేపి పడేస్తుంది, ఆ లేపడానికి పోయే శక్తి తొక్కేవాడిదే. వెడల్పు టైరు తక్కువ గాలితో రాయిని తనలోకి తీసుకుంటుంది. తారు మీద పోగొట్టుకునేది కొద్ది నిమిషాలు, కంకర మీద మిగిలేది గంటలు. ఇంకో చిన్న విషయం చాలామంది పట్టించుకోరు. హైదరాబాద్‌లో గాలి కొట్టి తీసుకెళ్ళిన టైరు, బయటి గాలి పీడనం తగ్గడం వల్ల, చంద్రతాల్ దగ్గర గేజీ మీద అయిదు పీఎస్‌ఐ దాకా ఎక్కువ చూపించవచ్చు. చలి దాన్ని కొంత తగ్గిస్తుందనుకోండి. నలభై పీఎస్‌ఐ టైరుకు అయిదు తేడా అంటే చిన్నదేం కాదు. గాలి చివరిసారి సరిచూసుకోవాల్సింది లోసర్‌లో.

బావ: అంతా బాగానే ఉంది కానీ, నీ తొమ్మిది రోజుల్లో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. వాన పడితే? సైకిలు విరిగితే? ఇంతసేపూ నాకు జాగ్రత్తలు చెప్పి, వెసులుబాటు లేని ప్రణాళిక చేతిలో పెడుతున్నావు.

బామ్మర్ది: పట్టుకున్నారు. దానికి జవాబు మీకు నచ్చదు. లోసర్ నుంచి బాతల్ పోయే రోడ్డు మీద సరస్సు లేదు. బాతల్‌కు కాస్త ముందు విడిపోయి, పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోయి, మళ్ళీ అంతా వెనక్కి రావాలి. కనుక బుధవారం లోసర్‌లో ఆకాశం బాగాలేకపోయినా, ఇద్దరిలో ఒకరికి రాత్రి తలనొప్పి పట్టుకున్నా, గురువారం మలుపు దగ్గరికి మధ్యాహ్నం రెండు లోపు చేరకపోయినా, లోపలికి తిరగం. నేరుగా బాతల్‌కు దిగిపోతాం. మన ఖాళీ రోజు సరస్సే.

బావ: సరస్సు కోసం ఇంత దూరం పోయి సరస్సునే వదిలేస్తామా? మనిషన్నవాడు చేసే పనేనా ఇది! ఇంట్లో ఏమని చెప్పుకోవాలి?

బామ్మర్ది: ఆ దారిలో మిగతావేవీ వదలగలిగేవి కావు. కుంజుం ఎక్కాక దిగడం వదలలేం, వాగులు దాటడం వదలలేం, రాత్రులు వదలలేం. వదలగలిగింది ఇదొక్కటే. చూసి తీరాల్సిందేనన్న పట్టుదలే సాయంత్రం అయిదింటికి మనుషుల్ని ఆ పన్నెండు కిలోమీటర్లలోకి నెడుతుంది. ఒకవేళ చేరినా, ఒడ్డున గుడారం వెయ్యనివ్వరు. 2005 నుంచి అది రామ్‌సర్ ఒప్పందం కింద కాపాడుతున్న చిత్తడి నేల. మొత్తం 49 హెక్టార్లు. గుడారాలు రెండు మూడు కిలోమీటర్ల ఇవతలే. మీరు మొన్నటినుంచీ కలలు కంటున్న సరస్సు చుట్టూ సైకిల్ ప్రదక్షిణ కూడా వద్దు. ఎవరూ ఆపకపోయినా వద్దు. ఆ తడి పచ్చిక మీద టైరు గాడి పడితే ఆ చలిలో మళ్ళీ గడ్డి పట్టడానికి ఏళ్ళు పడుతుంది. సైకిళ్ళు ఆపి నడిచిపోదాం.

బావ: ప్రదక్షిణ మానేస్తాను. రెండు గంటల గడువు మాత్రం మూడు చెయ్యి.

బామ్మర్ది: రెండే. సెప్టెంబరులో ఆ లోయలో నీడ ఎంత తొందరగా దిగుతుందో లెక్కవేశాకే రెండన్నాను. కాదంటే ఇంకో మార్గం ఉంది. సోమవారం ఒక్కరోజు సెలవు పొడిగించండి. ఆ ఒక్కటీ ఉంటే గురువారం బదులు శుక్రవారం దాకా లోసర్‌లో ఆగి చూసుకోవచ్చు.

బావ: దసరాకు దాచుకున్నవి రెండున్నాయి. మీ అక్కను నువ్వే ఒప్పించు. టైర్లు మాత్రం 40, అంతకు మించి ఒక్క మిల్లీమీటరు కూడా ఒప్పుకోను.